అక్వేరియం, సముద్రం రెండూ చూడాలంటే: హైదరాబాద్ నుంచి విశాఖా, చెన్నయా, సూర్యలంకా, లేక ఊళ్ళోనేనా?

హైదరాబాద్ నుంచి ఎటు బయల్దేరినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి పిల్లల్లో చాలామంది సొరచేపను ఫోన్లో చూసినవాళ్ళే తప్ప అల కాళ్ళకు తగిలితే ఎలా ఉంటుందో ఎరగరు. దసరా సెలవులో సంక్రాంతి సెలవులో దగ్గరపడగానే ఇంట్లో మాట మొదలవుతుంది. ఒకరు వైజాగ్ అంటారు, ఒకరు చెన్నైలో అద్దాల సొరంగంలోంచి నడుస్తూ చేపల్ని చూసే టన్నెల్ అక్వేరియం ఉందంటారు, నాయనమ్మ ‘అంత దూరం నావల్ల కాదు, జూకి పోదాం పదండి’ అంటుంది. అందరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరి మాట ఏ ఇంటికి సరిపోతుందో తేల్చడానికే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్వేరియం ఎంత పెద్దదన్నది చూసి ఊరిని ఎంచుకోకండి. చేపలు చూడడం అయిపోయాక మిగిలిన రోజంతా ఆ ఊళ్ళో మీ ఇంటివాళ్ళు ఎలా గడుపుతారన్నది చూసి ఎంచుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

గంటల లెక్క. ఎంత గొప్ప అక్వేరియమైనా పిల్లలు అందులో హుషారుగా తిరిగేది రెండు గంటలు, మహా అయితే మూడు. ఆ తర్వాత ఆకలి, నిద్ర, చిరాకు. ఆ రెండు గంటల కోసం ఒకవైపే పన్నెండు గంటలు ప్రయాణం చేయాలంటే, మిగతా సమయానికీ అక్కడ ఏదైనా ఉండి తీరాలి. లేకపోతే ఇంటికొచ్చాక పిల్లలకు గుర్తుండేది రైలు ఒక్కటే.

ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు, అందరికంటే పెద్దవాళ్ళు. ప్లాను ఎప్పుడూ వీళ్ళిద్దరిని బట్టే నడుస్తుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు అక్వేరియంలోని చీకటి గదులంటే కొంచెం భయం. పైగా చాలాచోట్ల తొట్లు పెద్దవాళ్ళ ఎత్తుకు కట్టి ఉంటాయి కాబట్టి మీరు ఎత్తుకుని చూపించాల్సిందే. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు టన్నెల్ అంటే ప్రాణం. పదేళ్ళు దాటినవాళ్ళు తొట్టె పక్కన బోర్డు చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, చేపలతో పాటు ఇంకేదో కూడా కావాలంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కావలసింది కూర్చోవడానికి చోటు, మెట్లు లేని దారి, దగ్గర్లో బాత్రూమ్. ఈ మూడూ అక్వేరియం వెబ్‌సైట్‌లో ఉండవు. ఫోన్ చేసి అడగాలి.

సముద్రం ఎలాంటిది. బంగాళాఖాతం తీరంలో చాలాచోట్ల అడుగున లాగేసే ప్రవాహం ఉంటుంది. పైకి ప్రశాంతంగా ఉన్నట్టు కనబడేచోటే మోకాలి లోతులో కాలి కింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చా రాదా అన్నదానితో దీనికి పనిలేదు. చెరువులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో నేర్చిన ఈతతో అల మీద ధీమా పెట్టుకోకూడదు. మనది సముద్రం ఎరగని ఊరు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చేపల పరిస్థితి. ఇది చాలామంది పట్టించుకోరు. మీరు చూడబోయేవి ప్రాణాలు. తొట్టెలో నీళ్ళు మసగ్గా ఉన్నా, చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం ఎగబడుతున్నా, రెక్కలు చిరిగి ఒంటికి అంటుకుపోయి ఉన్నా, మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలున్నా ఆ తొట్టె ఆరోగ్యంగా లేదని అర్థం. కొర్రమీను సంగతి మాత్రం వేరు. అది పుట్టుకతోనే గాలి పీల్చే చేప, అప్పుడప్పుడూ పైకి వచ్చి గుటకేసి పోవడం దానికి మామూలే. అందుకే బతికున్న కొర్రమీనును తడిబుట్టలో అంతదూరం మోసుకొచ్చి అమ్మగలుగుతారు. తెలంగాణ రాష్ట్ర చేప ఇదేనని పిల్లలకు చెప్పి చూడండి, రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు ఈసారి వాళ్ళే మీ వెంట వస్తారు.

## ఒక్క చూపులో

| | ఒకవైపు ప్రయాణం | చేపల దగ్గర గడిచే సేపు | సముద్రం | అక్వేరియం టికెట్ | బాగా సరిపోయేది |
|---|---|---|---|---|---|
| హైదరాబాద్‌లోనే (జూ) | గంట లోపే | అరగంట | లేదు | వంద రూపాయలకు అటూ ఇటూ (జూ ప్రవేశం) | నాలుగేళ్ళ లోపు పిల్లలు, ప్రయాణం పడని పెద్దవాళ్ళు |
| విశాఖపట్నం | వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, మామూలు రైలైతే ఒక రాత్రి | అరగంట నుంచి గంట | హోటల్ ఎదురుగానే | పదుల్లో | మూడు తరాలు కలిసి వెళ్ళే ఇల్లు |
| చెన్నై | రైల్లో ఒక రాత్రి, విమానంలో గంటంబావు | రెండు మూడు గంటలు | పక్కనే | తలకు వందల్లో | చేపలంటే పిచ్చి ఉన్న ఆరేళ్ళు దాటిన పిల్లలు |
| సూర్యలంక (బాపట్ల దగ్గర), ఓడరేవు (చీరాల దగ్గరి ఊరు) | కారులో ఆరేడు గంటలు | అక్వేరియం లేదు | అదే అసలు | లేదు | సముద్రమే కావాలనేవాళ్ళు |

ఇక ఒక్కొక్కటీ.

## ఊళ్ళోనే ఉండిపోతే

బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్క్ 1963లో తెరిచారు. 380 ఎకరాల విస్తీర్ణం. లోపల అక్వేరియం కూడా ఉంది. సముద్రపు అక్వేరియం చూసొచ్చిన కళ్ళకు అది చిన్నదిగానే కనబడుతుంది. కానీ మూడేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి నేను ముందు చెప్పేది ఇదే. ఆ వయసు పిల్లకు సొరచేపా, బంగారు చేపా ఒకటే. రంగు, కదలిక ఉంటే చాలు. పావుగంట చూసి విసుగొస్తే బయటికొచ్చి ఏనుగు దగ్గరికి పోవచ్చు, టాయ్ ట్రైన్ ఎక్కొచ్చు. నాయనమ్మను బ్యాటరీ బండి ఎక్కిస్తే నడక బాధ కూడా తప్పుతుంది. మధ్యాహ్నం నిద్ర వేళకు ఇంటికి చేరిపోవచ్చు. సోమవారం జూకి సెలవు, అదొక్కటి గుర్తుంచుకోండి.

ఊళ్ళో ఇంకొకటి కనబడుతుంటుంది. సెలవుల్లో మైదానాల్లో జయింట్ వీల్, మిర్చి బజ్జీ బండ్ల పక్కనే వెలిసే ‘అండర్‌వాటర్ టన్నెల్’ ఎగ్జిబిషన్లు. పిల్లలు అడుగుతారు, కాదనడం కష్టం. వెళితే వారం మధ్యలో, సాయంత్రం తెరిచిన వెంటనే వెళ్ళండి. ఆదివారం రాత్రి అయితే ముందున్నవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడవు. పైన చెప్పిన నాలుగు గుర్తులూ ఇక్కడ మరీ జాగ్రత్తగా చూడండి. కొన్ని వారాల కోసం కట్టిన తొట్టెలో నీటిని సరిగ్గా నిలబెట్టడం చాలా కష్టం. పైగా మనది సముద్రం లేని ఊరు, ఉప్పునీటి చేపలను ఉంచాలంటే లీటరుకు దాదాపు 35 గ్రాముల లెక్కన ప్రత్యేకమైన ఉప్పు కలిపి సముద్రపు నీటిని తయారు చేసుకోవాలి. ఆ ఖర్చు, ఆ శ్రద్ధ కొద్దిమందే పెడతారు. అందుకే ఇలాంటిచోట కనబడేవి ఎక్కువగా మంచినీటి చేపలే. అది తప్పేమీ కాదు. చేపలు బాగున్నంతవరకూ మంచినీటి చేపలూ చూడదగ్గవే. బాగాలేవని తెలిస్తే మాత్రం టికెట్ డబ్బులు పోయినా సరే, బయటికొచ్చేయండి. ఎందుకు వచ్చేశామో పిల్లలకు చెప్పండి కూడా.

కొత్వాల్‌గూడ ఎకో పార్కులో పెద్ద అక్వేరియం కడతామన్న ప్రకటన చాలాకాలంగా వింటున్నదే. ఈ సెలవుల ప్లాను దాన్ని నమ్ముకుని వేయకండి.

## విశాఖపట్నం

విశాఖలో అక్వేరియం పేరు మత్స్యదర్శిని. ఆర్‌కే బీచ్ రోడ్డు మీదే, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. చిన్నది. టన్నెల్ గురించి కలలు కంటూ వచ్చిన పిల్లవాడికి ఆ మాట రైల్లోనే చెప్పేయాలి. గోడల వెంట వరసగా తొట్లు, ఒక్కో తొట్టెలో ఒక్కో రకం. తీరిగ్గా చూస్తే గంట, చకచకా నడిస్తే అరగంట.

అయినా నా ఓటు చాలా ఇళ్ళకు విశాఖకే. ఎందుకంటే ఇక్కడ అక్వేరియం రోజులో ఒక భాగం మాత్రమే. అందులోంచి బయటికొస్తే ఎదురుగా సముద్రం. అదే రోడ్డు మీద కొంచెం ముందుకెళితే ఇసుకలో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. దానికి ఎదురుగా రోడ్డవతల టీయూ-142 విమానం మ్యూజియం. చేపలు నీళ్ళలో ఎలా బతుకుతాయో చూసిన గంటకే, మనుషులు నీళ్ళ కింద ఎలా బతికారో చూడొచ్చు. ఇంకో ఊళ్ళో ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండవు.

కురుసుర గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికి అసలు ఆకర్షణ ఇదే కాబట్టి. 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. అంత పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేది తలుపు కాదు, గుండ్రటి కంత. ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, నడుము తిప్పుకుని దూరాలి. పిల్లలు చటుక్కున దూరిపోతారు, నాన్నలు తల కొట్టుకుంటారు. లోపల వంటగది మన ఇంటి పూజగది అంత కూడా ఉండదు, డెబ్బై మందికి పైగా సిబ్బందికి అందులోనే వండేవారు. వివరించేవాళ్ళు ఎక్కువగా నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. వాళ్ళను కదిలించి అడగండి, బోర్డు మీద లేని సంగతులు చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఇరుకు గదులంటే ఊపిరాడనివాళ్ళు మాత్రం బయటే కూర్చోవడం మేలు. ఎదురుగా సముద్రం, పక్కన మొక్కజొన్న పొత్తుల బండి ఉంటాయి కాబట్టి వాళ్ళకూ కాలక్షేపమే. కురుసురకూ సోమవారం సెలవు.

రోజును ఎలా పేర్చుకోవాలంటే, తెల్లవారుజామున సముద్రం, ఎండవేళ అక్వేరియం, సాయంత్రం కురుసుర, ఆ తర్వాత మళ్ళీ బీచ్. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, అస్తమించేది కొండల వెనక. గోవా వెళ్ళొచ్చినవాళ్ళు సాయంత్రం ఆరింటికి కెమెరా పట్టుకుని ఎదురు చూస్తారు. విశాఖలో అలారం పెట్టుకోవాల్సింది ఉదయం అయిదింటికి.

ఆర్‌కే బీచ్‌లో స్నానం వద్దు. పాదాలు తడుపుకోవడానికి మించి ముందుకు వెళ్ళకండి. ప్రతి ఏడూ అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పోయేవాళ్ళలో మనలాంటి బయటి ఊళ్ళవాళ్ళు చాలామంది. పిల్లలు నీళ్ళలో ఆడాలంటే రుషికొండకు తీసుకెళ్ళి, లైఫ్‌గార్డులు చూపించిన చోటే, మీరు చేయి పట్టుకుని ఆడించండి.

ప్రయాణం దగ్గర విశాఖకు ఒక పెద్ద లాభముంది. సికింద్రాబాద్ నుంచి రెండు వందే భారత్‌లున్నాయి, ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నం. పడుకుని పోవాలంటే సాయంత్రం బయల్దేరి మరునాడు పొద్దున దించే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. చిన్నపిల్లలుంటే నేను గోదావరికే మొగ్గుతాను. ఎనిమిదిన్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టడం కంటే బెర్తు మీద నిద్రపుచ్చడం తేలిక. పెరుగన్నం, పులిహోర మూట కట్టుకుంటే రాత్రి తిండికీ వెతుక్కోనక్కర్లేదు. కారులో అయితే 620 కిలోమీటర్లు, పిల్లలతో ఆగుతూ పోతే పన్నెండు గంటలు దాటుతుంది. రాజమండ్రిలో ఒక రాత్రి ఆగే ఉద్దేశం ఉంటే తప్ప కారు వద్దనే అంటాను.

## చెన్నై

చేపలే చూడాలి, కళ్ళారా చూడాలి అనుకుంటే చెన్నైకి పోటీ లేదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో ఉన్న వీజీపీ మెరైన్ కింగ్‌డమ్ 2019లో తెరిచారు. దీన్ని ఒక కథలా పేర్చారు. వానలడవిలోని మంచినీటి చేపలతో మొదలై, లోయ, మడ అడవి, తీరం దాటుకుంటూ చివరికి లోతు సముద్రంలోకి నడిపిస్తారు. నీటి చుక్క అడవిలో పుట్టి సముద్రంలో కలిసే దారి అది. పిల్లలకు ముందే ఈ సంగతి చెప్పి లోపలికి తీసుకెళితే, ‘ఇప్పుడు ఎక్కడున్నాం?’ అని వాళ్ళే చూసుకుంటూ నడుస్తారు. లేకపోతే మొదటి తొట్టె దగ్గర నుంచే టన్నెల్ ఎక్కడ అని పరుగు పెడతారు, మధ్యలో ఉన్నవన్నీ వదిలేస్తారు.

టన్నెల్‌లో నిలబడ్డప్పుడు టేకు చేప (ఇంగ్లీషులో రే) కోసం చూడండి. అది మీ నెత్తి మీదుగా జారుకుంటూ పోతుంది. అడుగువైపు తెల్లగా, రెండు కళ్ళు, కింద నవ్వుతున్న నోరు ఉన్నట్టు ఒక ముఖం కనబడుతుంది. పిల్లలంతా దానికి చేయి ఊపుతారు. నోరు నిజంగా నోరే. ఆ కళ్ళు మాత్రం కళ్ళు కావు, ముక్కు రంధ్రాలు. అసలు కళ్ళు పైవైపున ఉంటాయి, కింద నిలబడ్డ మనకు కనబడవు. ఈ ఒక్కటి చెప్పి చూడండి, పిల్లవాడు ఆ చేప పక్కకు ఒరిగేదాకా కదలడు.

ఇంకో సంగతి. టన్నెల్ అద్దం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి లోపలి చేపలు అసలు పరిమాణం కంటే చిన్నగా కనబడతాయి. వంపు లేని నిలువు అద్దం ఉన్న తొట్టెలో దీనికి తలకిందులు, చేప దగ్గరగా, పెద్దగా కనబడుతుంది. సొర ఎంత పెద్దదో తెలియాలంటే టన్నెల్‌లోనే కాదు, పెద్ద నిలువు అద్దం ముందు కూడా కాసేపు నిలబడాలి. అక్కడ నేల మీద కూర్చోవడానికి చోటు దొరికితే కూర్చోండి, పెద్దవాళ్ళకు విశ్రాంతి, పిల్లలకు చూపు.

ఇక రెండోవైపు. టికెట్ తలకు వందల్లో ఉంటుంది. నలుగురైదుగురున్న ఇంటికి ఇది విశాఖ అక్వేరియం ఖర్చుకు ఎన్నో రెట్లు. టికెట్ల రకాలు కూడా ఉంటాయి, పక్కనున్న వినోదాల పార్కుతో కలిపి కొనాలా విడిగానా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. కౌంటర్ ముందు పిల్లల చేతిలో పడితే అన్నీ కావాలంటారు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే దేన్నీ సరిగ్గా చూడలేరు. ఒక్క అక్వేరియమే చూసి, సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చోవడం మంచిది.

చెన్నై ఊరు పెద్దది. సెంట్రల్ స్టేషన్లో దిగి నగరం దాటి ఇంజంబాక్కం చేరడానికే గంట పైన పడుతుంది. నాంపల్లి నుంచి బయల్దేరే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం దాకా పోతుంది, అక్కడ దిగితే నగరం మధ్యలోంచి ఈదుకుంటూ రావాల్సిన పని కొంత తప్పుతుంది. బస కూడా నగరంలో కాకుండా ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదే తీసుకోండి. అలా చేస్తే రెండో రోజు కూడా అదే రోడ్డు మీద సరిపోతుంది: 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్, ఇంకా ముందుకెళితే మహాబలిపురం. మొసళ్ళ దగ్గర పిల్లలు అక్వేరియంలో కన్నా ఎక్కువసేపు నిలబడితే ఆశ్చర్యపోకండి. అదీ సోమవారం మూసే ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద చెన్నైవాళ్ళే బారులు తీరతారు, కుదిరితే మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైకి వానాకాలం. మనకు దసరా సెలవులు అప్పుడే వస్తాయి. అక్వేరియం లోపల వానతో ఇబ్బంది లేదు కానీ బయట రోడ్లు, రైళ్ళు రెండూ ఆగిపోయే రోజులుంటాయి. దసరాకైతే విశాఖకు కూడా తుఫాను హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి, అయినా ఆ రెండింట్లో ఎక్కువ తడిసేది చెన్నయే.

## సూర్యలంక, ఓడరేవు: అద్దం లేని సముద్రం

‘పిల్లలకు సముద్రంలో ఏముంటుందో చూపించాలి’ అన్నదే కోరికైతే, అక్వేరియమే కావాలా అని ఒక్కసారి ఆలోచించండి. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. హైదరాబాద్‌కు అన్నిటికంటే దగ్గరి సముద్ర తీరాల్లో ఇదొకటి, 320 కిలోమీటర్లకు అటూ ఇటూ. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టుకుంటే మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా పోవచ్చు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. రైళ్ళూ ఉన్నాయి కానీ కొన్ని అర్ధరాత్రి వేళ బాపట్లలో దించుతాయి, పిల్లలతో అది ఇబ్బంది.

ఇక్కడ చేపల్ని చూసేది పొద్దున్నే, పడవలు ఒడ్డుకొచ్చే వేళ. చీరాల దగ్గర ఓడరేవులో వలలు విప్పుతుంటే కానాగంతలు, నెత్తళ్ళు, పీతలు, మధ్యలో ఒక చిన్న సొరో టేకో కలగలిసి కనబడతాయి. జాలరివాళ్ళను మర్యాదగా అడిగితే పేర్లు చెబుతారు. ఇవి బతికి ఈదుతున్న చేపలు కావు, ఎవరి పొట్టకూటికో పట్టినవి. సున్నిత మనస్కులైన పిల్లలకు అది బాధ కలిగించవచ్చు. మాంసాహారం తినని ఇళ్ళకు ఆ వాసన, ఆ దృశ్యం పడకపోవచ్చు. మీ ఇంటి సంగతి మీకే తెలుసు. పడేవాళ్ళకు మాత్రం పళ్ళెంలోకి చేప ఎక్కడి నుంచి, ఎంత కష్టంతో వస్తుందో పిల్లలకు తెలియాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

వేసవిలో ఇది కుదరదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ఆ సమయంలో వాటిని వదిలేస్తారు. మన వేసవి సెలవులు దాదాపు పూర్తిగా అందులోనే పడతాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పొద్దుటి వేలం చూడాలనుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మృగశిర కార్తెకు ఊరంతా చేపలు కొనే రోజుల్లో కూడా సముద్రపు వేట ఆగే ఉంటుంది.

స్నానం విషయంలో ఇక్కడా అంతే జాగ్రత్త. ప్రమాదాలు జరిగిన తర్వాత పోలీసులు కొన్ని రోజులు బీచ్‌లోకి ఎవరినీ వదలరు. వెళ్ళేముందు బస తీసుకున్న చోట అడిగి తెలుసుకోండి.

## సింగపూర్ సంగతి

సింగపూర్ ఎలాగూ వెళుతున్నవాళ్ళకు ఒక్క మాట. సెంటోసాలో 2012 నుంచి ఉన్న పాత అక్వేరియం స్థానంలో 2025 జూలైలో సింగపూర్ ఓషనేరియం తెరిచారు, పాతదానికంటే మూడింతలు పెద్దది. శంషాబాద్ నుంచి నేరుగా విమానముంది, నాలుగున్నర గంటలు. ఇంకో పనిమీద వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించండి. దీని కోసమే సింగపూర్ వెళ్ళేంత డబ్బు ఖర్చు చేయొద్దు.

## ఏ ఇంటికి ఏది

ఇంట్లో నాలుగేళ్ళ లోపు పిల్లలే ఉంటే జూ చాలు. రెండేళ్ళాగి విశాఖ వెళ్ళండి.

అమ్మమ్మ, తాతయ్య, పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు అందరూ కలిసి కదిలే ఇల్లయితే విశాఖ. రెండు రాత్రులుండేలా వెళ్ళండి, ఒక్క రాత్రికి పోతే అలసటే మిగులుతుంది. ఎవరి ఓపికకు తగ్గది వాళ్ళకు దొరికే ఊరు అది. కురుసుర ఎక్కలేనివాళ్ళు బీచ్ రోడ్డు మీద బెంచీ చూసుకుంటారు, అక్వేరియం విసుగొచ్చినవాళ్ళు కైలాసగిరి రోప్‌వే ఎక్కుతారు. భాష మనదే కాబట్టి పెద్దవాళ్ళు ఎవరి తోడూ లేకుండా టీ తాగి రాగలరు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ పెద్దవాళ్ళ ఉత్సాహం సగం దీని మీదే ఉంటుంది.

చేపల పేర్లు పుస్తకాల్లో చూసి బట్టీ పట్టే పిల్లవాడు, పిల్ల మీ ఇంట్లో ఉంటే మాత్రం చెన్నై తీసుకెళ్ళండి. విశాఖలో చవకగా అయిపోతుంది కదా అని వాళ్ళను అక్కడితో సరిపెట్టకండి. అలాంటి పిల్లలకు ఆ టన్నెల్‌లో గడిపే గంట విలువ వేరు. మోరే ఈల్ అనే పాములాంటి చేప రాతి సందులోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, అందరూ కరవబోతోందని వెనక్కి జరుగుతారు. ‘కాదు, అది ఊపిరి పీల్చుకుంటోంది, నీళ్ళను మొప్పల్లోకి పంపుతోంది’ అని చెప్పేది ఈ పిల్లలే.

గుంపు, చప్పుడు పడని పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎక్కడికెళ్ళినా తెరిచిన మొదటి గంటలోనే లోపలుండండి. టన్నెల్‌లో శబ్దం మోగుతుంది. పన్నెండు దాటితే గుంపులు చేరతాయి.

డబ్బు చూసుకోవాల్సిన ఇంటికి సూర్యలంక తేలిక అనుకుంటారు. కారు సొంతమైతేనే అది నిజం. అద్దె కారు, రెండు రాత్రుల బస కలిపితే స్లీపర్ క్లాసులో విశాఖ వెళ్ళొచ్చిన ఖర్చుకు చేరువవుతుంది. ఎక్కడికెళ్ళినా అసలు ఖర్చు ప్రయాణం, బస, తిండి. అక్వేరియం టికెట్ బరువనిపించేది చెన్నైలో ఒక్కచోటే.

## బయల్దేరేముందు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. సంక్రాంతికి విశాఖ రైళ్ళలో ఆ ఉదయమే బెర్తులు అయిపోతాయి కాబట్టి పండక్కి ముందూ తర్వాతా రోజులు వదిలేసి, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ఒక శని ఆదివారాలకు ఇంకో రోజు సెలవు కలిపి పెట్టుకోండి. ఎండ తక్కువ, ఉక్క తక్కువ, రూములూ దొరుకుతాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకు రైలు టికెట్ అక్కర్లేదు, విడిగా బెర్తు కావాలంటే మాత్రం పూర్తి ఛార్జీ.

ఆ మూడో రోజు సెలవు సోమవారం కాకుండా శుక్రవారం తీసుకోండి. జూ, కురుసుర, మొసళ్ళ బ్యాంకు మూడూ సోమవారం మూసేస్తారు. అక్వేరియం వేళలు, మరమ్మతులు ఏమైనా జరుగుతున్నాయా అన్నది టికెట్లు తీసేముందు ఒకసారి, బయల్దేరే ముందురోజు ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కోండి.

పిల్లలకు రెండు నియమాలు రైల్లోనే చెప్పండి. అద్దం మీద కొట్టకూడదు. చేపకు ఒంటి పక్కన పొడుగునా నీటి కదలికను పసిగట్టే గీత ఉంటుంది, మనం అద్దం మీద తట్టినప్పుడల్లా ఆ అదురు దాని ఒంటికి తగులుతుంది. ఫోన్ ఫ్లాష్ వేయకూడదు. ఫ్లాష్ వేస్తే ఫోటోలో చేప బదులు అద్దం మీద తెల్లటి మచ్చే పడుతుంది కూడా. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను అద్దానికి దాదాపు ఆనించి, చేప ఆగేదాకా ఓపిక పట్టి తీయండి.

సంచిలో ఒక జత పొడిబట్టలు, తువ్వాలు, ఏసీ గదుల కోసం పెద్దవాళ్ళకు పల్చటి శాలువా పెట్టుకోండి. తిరుగు రైలు రాత్రిదైతే, చివరి పూట సముద్రానికి కాకుండా అక్వేరియానికి కేటాయించండి. ఇసుక, ఉప్పునీళ్ళతో తడిసిన పిల్లలతో స్టేషన్‌కు పరుగెత్తే పని ఉండదు.